స్కాను గది న్యాయస్థానం కాదు

గర్భిణికి అయిదో నెలలో చేసే స్కానుకు మన ఊళ్ళలో టిఫా అనే పేరు స్థిరపడిపోయింది. 18 నుంచి 22 వారాల మధ్య, బిడ్డ అవయవాలు రూపుదిద్దుకున్నాక, నడినెత్తి నుంచి అరికాలి దాకా ఒక్కొక్కదానినే వరుసగా పరిశీలించే పరీక్ష అది. ఈ పరీక్ష ఎందుకు చేస్తారని తెలుగునాట ఎవరినైనా అడిగి చూడండి. "ఏదైనా లోపముంటే ముందే తీయించేసుకోవచ్చు కదండీ" అంటారు. చెప్పేవారికీ వినేవారికీ ఆ జవాబులో వింతేమీ కనబడదు. లోపాన్ని కనిపెట్టడమంటే బిడ్డను వదులుకోవడమేనన్న సమీకరణం మనకంత సహజమైపోయింది.

ఈ సమీకరణం తప్పని వాదించడానికే ఈ టపా. అన్ని లోపాల జోలికీ పోను. పొట్టగోడ సరిగా మూసుకోక బిడ్డ పేగులు బయటికి వచ్చే లోపాలను మాత్రమే తీసుకుంటాను. ఎందుకంటే, ముందుగా తెలియడం వల్ల బిడ్డకు బతికే అవకాశం పెరగాల్సిన సందర్భంలో, ముందుగా తెలియడమే బిడ్డకు గండమవుతున్న వైపరీత్యం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

మొదట విషయం. పొట్టగోడ లోపాలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి గ్యాస్ట్రోస్కైసిస్. ఇందులో బొడ్డు పక్కన, సాధారణంగా కుడివైపున, పొట్టగోడకు ఒక చిన్న కన్నం ఉంటుంది. దాని గుండా పేగులు బయటికి వచ్చి, పైన ఏ పొరా లేకుండా, ఉమ్మనీటిలో తేలుతుంటాయి. రెండవది ఓంఫాలోసీల్. ఇందులో పేగులు, ఒక్కొక్కసారి కాలేయం కూడా, బొడ్డు నుంచే బయటికి ఉబికి వస్తాయి. కాని వాటిమీద ఒక పల్చని పొర తిత్తిలాగా కప్పి ఉంటుంది. బొడ్డుతాడు ఆ తిత్తికే అతుక్కుని ఉంటుంది.

స్కాను తెరమీద రెండూ ఇంచుమించు ఒకటే అనిపించవచ్చు. "పేగులు బయటికొచ్చాయమ్మా" అని రెండింటికీ ఒకే వాక్యం చెప్పి పంపవచ్చు. అక్కడే అన్యాయం మొదలవుతుంది. ఎందుకంటే ఈ రెండింటి జాతకాలు పూర్తిగా వేరు.

గ్యాస్ట్రోస్కైసిస్ చూడడానికి భయంకరం. ఏ అచ్ఛాదనా లేని పేగులను చూసి తట్టుకోవడం ఏ తల్లికీ సులభం కాదు. అయినా ఆ బిడ్డకు సాధారణంగా మిగతా శరీరమంతా సలక్షణంగానే ఉంటుంది. క్రోమోజోముల దోషం తోడుగా ఉండడం చాలా అరుదు. సుమారు పదిమందిలో ఒకరికి పేగులోనే మరో చిక్కు, అంటే ఒకచోట పేగు మూసుకుపోవడం వంటిది, ఉంటుంది. పేగులను లోపలికి చేర్చి, అవి పనిచేయడం మొదలుపెట్టేదాకా కొన్ని వారాలపాటు నరం ద్వారా పోషణ ఇవ్వగలిగితే, ఆ పిల్లల్లో అత్యధికులు అందరిలాగే పెరుగుతారు.

ఓంఫాలోసీల్ చూడడానికి కొంత నయం, పొర కప్పి ఉంటుంది కనుక. కాని అసలు ప్రశ్న ఆ తిత్తి గురించి కాదు. సగానికి పైగా సందర్భాల్లో మరేదో లోపం తోడుగా ఉంటుంది. గుండెలో లోపం ఉండవచ్చు. 18వ క్రోమోజోమో 13వ క్రోమోజోమో రెండుకు బదులు మూడు ఉండవచ్చు. అలా ఉంటే, పొట్టకు ఎంత గొప్ప శస్త్రచికిత్స చేసినా, బిడ్డ ఎక్కువ కాలం బతకడం అరుదు. తిత్తి చిన్నదే కదా అని ధీమాపడడానికీ వీల్లేదు. కాలేయం కూడా బయటికి వచ్చిన పెద్ద తిత్తులకంటే, పేగు మాత్రమే వచ్చిన చిన్న తిత్తులకే క్రోమోజోముల దోషాలు ఎక్కువగా తోడవుతాయి. అదే, క్రోమోజోములు సవ్యంగా ఉండి, గుండె బాగుండి, మరే లోపమూ లేని ఓంఫాలోసీల్ అయితే బిడ్డ భవిష్యత్తు మీద గట్టి ఆశే పెట్టుకోవచ్చు. అంటే ఇక్కడ ఉమ్మనీటి పరీక్షా, గుండె స్కానూ చేయకుండా ఏ సలహా ఇచ్చినా అది సోదె చెప్పడమే.

ఇంకొక సంగతి కూడా ఉంది. గర్భం 8 నుంచి 12 వారాల మధ్య ఉన్నప్పుడు ప్రతి బిడ్డ పేగులూ బొడ్డుతాడు మొదట్లోకి వెళ్ళి, పొట్టలో చోటు ఏర్పడినాక వెనక్కి వస్తాయి. మీవీ నావీ అలా వెళ్ళివచ్చినవే. కనుక ఆ వారాల్లో చేసిన స్కానులో బొడ్డు దగ్గర పేగులు కనబడినంత మాత్రాన లోపమని తేల్చకూడదు. మళ్ళీ చూడాలి.

ఇప్పుడు ఆలోచించండి. ఒకటి చూడ్డానికి ఘోరం, చికిత్సకు అనుకూలం. రెండవది చూడ్డానికి నయం, లోతుగా తవ్వి చూడవలసినది. రెండింటినీ ఒకే గంపకింద కమ్మేసి, "లాభం లేదమ్మా, ఇంకా వయసుంది, మళ్ళీ నిలబడుతుంది" అనడం వైద్యమా? అది తీర్పు. అదీ సాక్షుల్ని విచారించకుండా, ముద్దాయి పేరు కూడా సరిగా రాసుకోకుండా ఇచ్చిన తీర్పు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకుండా నా పక్షమేదో చెప్పేస్తాను. నేను గర్భస్రావానికి వ్యతిరేకిని కాను. కడుపులోని బిడ్డను తీయించుకోవడం పాపమని ఉపన్యసించేవారి వరుసలో నాకు పీట అక్కర్లేదు. మోయవలసినది ఆమె, కనవలసినది ఆమె, ఆ తర్వాత నెలల తరబడి ఆసుపత్రి వసారాల్లో పడుకోవలసినదీ ఆమే. నిర్ణయం కూడా ఆమెదే. అన్నీ తెలుసుకున్నాక గర్భం వద్దనుకున్న స్త్రీని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. నా తగాదా ఆమె నిర్ణయంతో కాదు. ఆమెకు నిర్ణయించుకునే అవకాశమే ఇవ్వకుండా, సగం మాట చెప్పి, దానికి "మీ ఇష్టమేనమ్మా" అని తోక తగిలించే పద్ధతితో. తెలియనివాటి మధ్య ఎంపిక ఉండదు.

తొందర పెట్టడానికి ఒకప్పుడు చట్టాన్ని సాకుగా చూపేవారు. 1971 నాటి చట్టం ప్రకారం మామూలుగా గడువు 20 వారాలే. టిఫా చేసేదేమో అదే సమయానికి. కనుక లోపం కనబడిన రోజే తేల్చుకొమ్మనడంలో అర్థముందని ఒప్పుకుందాం. 2021లో ఆ చట్టాన్ని సవరించారు. గర్భస్థ శిశువుకు తీవ్రమైన లోపమున్న సందర్భాలతో సహా కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో, ఇద్దరు వైద్యుల అభిప్రాయం మీద గడువు 24 వారాలయింది. అంతకుమించి కూడా, తీవ్రమైన లోపమని రాష్ట్రస్థాయి వైద్య మండలి నిర్ధారిస్తే అనుమతి ఉంది. అంటే ఉమ్మనీటి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగడానికి, గుండె స్కాను చేయించడానికి, పిల్లల శస్త్రవైద్యుణ్ణి కలిసి మాట్లాడడానికి సమయం ఉంది. చట్టం ఇచ్చిన వ్యవధిని ఆమెకు దక్కనివ్వకుండా "రేపు పొద్దున్నే పరగడుపున వచ్చేయండి" అనడానికి ఇప్పుడు ఏ సాకూ లేదు.

"మీరు చెప్పేవన్నీ అమెరికా కబుర్లండీ, మన దగ్గర ఈ పిల్లలు బతకరు" అని వైద్యమిత్రులు అనవచ్చు. నా వాదానికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఇదే. కనుక దీన్ని లెక్కలతోనే ఎదుర్కోవాలి. 2021లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. 74 దేశాల్లోని 264 ఆసుపత్రుల్లో, జీర్ణవ్యవస్థకు సంబంధించిన ఏడు రకాల జన్మలోపాలున్న 3849 మంది పిల్లలకు ఏమైందో చూశారు. గ్యాస్ట్రోస్కైసిస్‌తో పుట్టినవారిలో, సంపన్న దేశాల్లో 139 మందికి ఇద్దరు చనిపోయారు. మధ్యాదాయ దేశాల్లో 304 మందికి 97 మంది. పేద దేశాల్లో పదిమందికి తొమ్మిదిమంది. ఆ చివరి అంకె మరీ చిన్నది గనుక దాన్ని పట్టుకుని వాదించను. మొదటి రెండూ చాలు. ఒకచోట వందకు ఒకటిన్నర కూడా లేదు. ఇంకొకచోట వందకు దాదాపు 32. మనం ఆ రెండో కోవలోని దేశం.

ఈ అంకెల్ని "మన దగ్గర బతకరు" అనడానికి సాక్ష్యంగా చూపేవారున్నారు. నేను వీటిలో రెండు విషయాలు చదువుతున్నాను. ఒకటి, మధ్యాదాయ దేశాల్లో సైతం మూడింట రెండు వంతులమంది బతికారు. "లాభం లేదు" అన్న మాట మన పరిస్థితుల్లో కూడా అబద్ధమే. రెండు, లోపం ఒక్కటే, కన్నం ఒక్కటే, పేగులు ఒక్కటే. మరి మరణాల్లో ఇంత తేడా ఎక్కడ నుంచి వచ్చింది? బిడ్డ పొట్టలో నుంచి రాలేదు. చేరవలసిన చోటికి చేరడంలో ఆలస్యం, దారిలో చలి, నీరు ఆవిరై ఎండిపోయిన పేగులు, ఆసుపత్రి చేరేలోపే సోకిన ఇన్ఫెక్షను, నరం ద్వారా ఇచ్చే పోషణ దొరకకపోవడం, వీటిలో నుంచి వచ్చింది. అవేవీ ఆ బిడ్డ లోపాలు కావు.

అరవై డెబ్బై ఏళ్ళ కిందట అమెరికాలోనూ ఈ పిల్లల్లో చాలామంది చనిపోయేవారు. ఒక్కసారిగా పొట్టలో పట్టని పేగులను పైన సంచీలాంటి కవచంలో ఉంచి, కొద్దికొద్దిగా కొన్ని రోజుల్లో లోపలికి దించే పద్ధతిని 1967లో షూస్టర్ ప్రకటించారు. పేగు పనిచేయని పసిబిడ్డను కేవలం నరం ద్వారా పోషించి పెంచవచ్చునని 1968లో ఫిలడెల్ఫియాలో విల్మోర్, డడ్రిక్ నిరూపించారు. నవజాత శిశువులకు ప్రత్యేక విభాగాలు వచ్చాయి. జాతకం మారింది. అక్కడివాళ్ళు "మన దగ్గర బతకరు" అని ఊరుకుని ఉంటే అక్కడ కూడా బతికేవారు కారు.

ఇందులో మనకు అందనిది ఎంత? పుట్టిన నిమిషంలో చేయవలసిన పనులు చూడండి. బిడ్డను చంకల దాకా శుభ్రమైన ప్లాస్టిక్ సంచీలో ఉంచాలి, పేగులు ఎండకుండా, ఒంట్లో వేడి పోకుండా. పేగులకు నెత్తురు తెచ్చే నాళాలు మెలిపడకుండా బిడ్డను కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ముక్కు నుంచో నోటి నుంచో కడుపులోకి గొట్టం వేయాలి. సెలైన్ ఎక్కించాలి. ఈ జాబితాలో కోట్లు పోసి కొనవలసిన యంత్రం ఏదైనా ఉందా? సంచీ ఖరీదు ఎంత? ఓంఫాలోసీల్ మరీ పెద్దదైతే వెంటనే కోయకుండా, తిత్తిమీద మందు పూస్తూ, చర్మం దానంతటది కప్పుకునేదాకా వేచి ఉండి, తీరిగ్గా తర్వాత ఆపరేషను చేసే పద్ధతి కూడా ఉంది. ఖరీదైనదల్లా ఆ తర్వాతి వారాల సంరక్షణ. అది జిల్లాకొకటి లేకపోయినా, హైదరాబాదు నీలోఫర్‌లోనో, విశాఖ కేజీహెచ్‌లోనో పిల్లల శస్త్రచికిత్సా విభాగాలు ప్రభుత్వ రంగంలోనే ఉన్నాయి.

ఇక్కడే టిఫా అసలు ప్రయోజనం తెలుస్తుంది. ఆదిలాబాదు నుంచి హైదరాబాదుకు దాదాపు 300 కిలోమీటర్లు. పేగులు బయట వేలాడే గంటల పసికందును ఆ దూరం తరలించడం ఒకటి. నెలలు నిండకముందే తల్లిని బస్సెక్కించి, పెద్దాసుపత్రికి దగ్గరగా బంధువుల ఇంట్లో ఉంచి, అక్కడే ప్రసవం అయ్యేలా చూడడం మరొకటి. 2005 నుంచి మనకు 108 ఉంది, దానికి దండం. కాని తల్లి గర్భాన్ని మించిన అంబులెన్సు లేదు. అందులో చలి లేదు, దుమ్ము లేదు, ఇన్ఫెక్షను లేదు. అయిదో నెలలో తెలిసిన విషయానికి తొమ్మిదో నెల దాకా సమయం చేతిలో ఉంచుకుని కూడా ఆ అంబులెన్సును వాడుకోలేకపోవడం పేదరికం కాదు, అశ్రద్ధ.

"పేగులు నలుగుతాయి, సిజేరియన్ తప్పదు" అనే భయం కూడా పెడుతుంటారు. గ్యాస్ట్రోస్కైసిస్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. సహజ ప్రసవం వల్ల ఈ బిడ్డలకు అదనపు హాని కలుగుతుందని రుజువు కాలేదు. కాలేయం బయటికొచ్చిన పెద్ద ఓంఫాలోసీల్ సంగతి వేరు, అక్కడ సిజేరియన్‌నే ఎంచుకోవడం పరిపాటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లే. కోయడానికి ఇంత సంసిద్ధత ఉన్న చోట, ఎక్కడ కనాలో ముందుగా ఆలోచించడానికి మాత్రం లేదు.

ఇక ఇంటివాళ్ళ సంగతి. వైద్యుడు సగం మాట చెప్తే, మిగతా సగం ఇల్లు పూరిస్తుంది. "గ్రహణం నాడు బయటికొచ్చావా? కత్తిపీట ముట్టుకున్నావా?" అని అత్తగారి ఆరా. అడిగేది ప్రేమతోనే కావచ్చు. కాని ఆ ప్రశ్నతో నేరమంతా ఆ పిల్లదాని నెత్తిన పడుతుంది. పేగులు వెనక్కి వెళ్ళవలసిన గడువు 12వ వారానికే తీరిపోతుందని పైన చెప్పాను. ఏడో నెలలో పట్టిన గ్రహణం మూడో నెలలోకి నడిచి వెళ్ళి పొట్టగోడను చీల్చదు. గ్యాస్ట్రోస్కైసిస్‌కు కచ్చితమైన కారణం శాస్త్రానికి ఇంకా అందలేదు. తెలిసిన ఒక ముఖ్యమైన సంగతి మాత్రం, ఇరవై ఏళ్ళు నిండని తల్లుల బిడ్డల్లో ఇది ఎక్కువగా కనబడుతుందని. అదే సర్వే ప్రకారం, 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్ధెనిమిది నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. వయసుకూ లోపానికీ సంబంధం కనబడినంత మాత్రాన అదే కారణమని అనను. ఆ పిల్లను మరో రకంగా దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. కాని గ్రహణం తేదీ అడిగిన నోరు పెళ్ళినాటికి ఆమె వయసెంతని ఎందుకు అడగదు? అడిగితే జవాబు చెప్పవలసింది ఆమె కాదు, పెద్దలు గనుక.

ప్రభుత్వాన్నీ వదలను. పిల్లల్లో లోపాలను వెతికి వైద్యం చేయించడానికి కేంద్రం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో జన్మలోపాల కింద తొమ్మిదింటిని చేర్చారు. వెన్నెముక, మెదడు మూసుకోని లోపాలు, డౌన్ సిండ్రోమ్, గ్రహణం మొర్రి, వంకర పాదం, తుంటి కీలు లోపం, పుట్టు శుక్లం, పుట్టు చెవుడు, గుండె లోపాలు, నెలలు నిండని పిల్లల కంటి జబ్బు. అన్నీ చేర్చదగినవే, సందేహం లేదు. పొట్టగోడ లోపాలు ఆ తొమ్మిదింటిలో లేవు. జాబితాలో లేనిదాన్ని లెక్కపెట్టే నాథుడుండడు. లెక్కలో లేనిదానికి డబ్బు రాదు.

కనుక నేనడిగేవి నాలుగే. స్కాను కాగితం మీద "పొట్టగోడ లోపం" అని కాక, రెండింటిలో ఏదో స్పష్టంగా రాయాలి. ఏ నిర్ణయానికైనా ముందు ఆ దంపతులు పిల్లల శస్త్రవైద్యుడితో ఒక్కసారి మాట్లాడే ఏర్పాటు ఉండాలి. గర్భం ఉంచుకుంటామంటే, ఎక్కడ కనాలో ఆనాడే రాసివ్వాలి. కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రిలోని నర్సుకూ ఆ ప్లాస్టిక్ సంచీ సంగతి తెలిసి ఉండాలి.

అయిదోది మన పని. ఈ లోపాలకు తెలుగులో పేర్లు లేవు. కంప్యూటరు మాటలకు తెలుగు కోసం మనం రోజుల తరబడి తర్కించుకున్నవాళ్ళం. ఒక గర్భిణి స్కాను గది బయట బెంచీమీద కూర్చుని, తన బిడ్డకున్నది ఈ రెండింటిలో ఏదని అడగడానికి మాటలు లేవంటే ఆ లోటు మనది కూడా. గ్యాస్ట్రోస్కైసిస్‌ను "పొట్టచీలిక" అనీ, ఓంఫాలోసీల్‌ను "బొడ్డుతిత్తి" అనీ అందామని నా ప్రతిపాదన. నిఘంటువుల్లో వెతక్కండి, ఇవి నేను కూర్చుకున్నవే. ఇంతకంటే మంచివి తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను. సంస్కృత సమాసాలు మాత్రం వద్దు. "డాక్టరుగారూ, ఇది చీలికా, తిత్తా?" అని ఏ పల్లెటూరి ఆడమనిషైనా నోరు తిరక్కుండా అడగగలగాలి.

ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఎదుటివారు సగం మాటతో సరిపెట్టడం కష్టమవుతుంది.